ఏం లేదులే

మొన్న ఉదయం పేపరు చదువుతూ కూర్చున్నవాణ్ని, వంటింట్లోంచి వచ్చిన వెల్లుల్లి వాసనకు తలెత్తాను. పోపులో వేగే వెల్లుల్లి వాసన వేరు. ఇది గరిటెలో కాసింత నువ్వుల నూనె పోసి, సన్నని సెగ మీద రెబ్బ నల్లబడేదాకా కాచినప్పుడు వచ్చే వాసన. అందులో ఒక చేదు ఉంటుంది. నా మనవడికి ముందురోజు నుంచి చెవిపోటు. మా కోడలు సుజాత ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో దూది పట్టుకుని వాడి గదివైపు నడుస్తోంది. "ఆగు! పొయ్యకు!" అని నేను వేసిన కేకకు గరిటె ఒరిగి, నూనె కాస్త నేల మీద ఒలికింది. "ఏమైంది మామయ్యగారూ?" అంది బెదిరిపోయి. "ఏం లేదులే" అనేశాను. అన్న వెంటనే ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసినట్లయింది. ఆ మాట ఇంకెప్పుడూ అననని చాలాకాలం కిందట జగ్గయ్యపేటలో ఒక మనిషి ముందు ఒప్పుకున్నాను. ఆ మనిషి కరుణమ్మగారు. పేరు చివర 'గారు' చేర్చడం నాకు ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

పందొమ్మిది వందల యాభైల చివర, ట్రైనింగు ముగించుకుని జగ్గయ్యపేటలో ఒక చిన్న బడిలో చేరాను. మాది చందర్లపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇంట్లో మొదట ఉద్యోగం సంపాదించినవాణ్ని నేనే కావడంతో, ఇస్త్రీ చొక్కాతో పాటు కొంత పొగరు కూడా తొడుక్కుని బడికి వెళ్లేవాణ్ని. కరుణమ్మగారు అప్పటికే అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. సన్నంచు తెల్లచీర, నుదుటి దగ్గర అప్పుడే నెరుస్తున్న జుట్టు. చెవిటికల్లు పల్లెలో, పొలం కూలికి వెళ్లే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, హాస్టల్లో ఉండి చదువుకున్నారు. పసితనంలో ఆవిడ రెండు చెవుల్లోంచీ చీము కారేదట. ఎవరేది చెబితే అది పోశారట. నూనె, ఆకు పసరు, చివరికి బాలింతరాలి పాలు. చీము కొన్నాళ్లు ఆగేది, మళ్లీ వచ్చేది. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాలేదు. కుడి చెవి కన్నా ఎడమ చెవి కాస్త నయం.

చెవుడున్నవాళ్లు గట్టిగా మాట్లాడతారని చాలామంది అనుకుంటారు. ఆవిడ మాట ఎంత మెత్తగా ఉండేదంటే, వినడానికి పిల్లలు తమంతట తామే గొడవ ఆపేసేవాళ్లు. బయటి మాటలు గోడ అవతలినుంచి వచ్చినట్లుంటాయని, తన గొంతు మాత్రం తలకాయలో మోగిపోతుందని, అందుకే తగ్గించుకుంటానని ఒకసారి చెప్పారు. మధ్యాహ్నంపూట చిన్న తరగతుల పిల్లలందరికీ వాచకం ఆవిడే చదివించేవారు. కుర్చీ కిటికీ పక్కన వేసుకుని, ఒక్కొక్కరినే ఎడమ పక్కకు పిలిచి, వెలుగు వాళ్ల ముఖం మీద పడేలా నిలబెట్టి చదివించేవారు. చెవికి అందనిది పెదవుల మీద వెతుక్కునేవారు. మిగతా గదుల్లో మేం బెత్తం పుచ్చుకుని అరుస్తుంటే, ఆ గదిలోంచి ఒక్క పసిగొంతు వినపడుతూ ఉండేది.

మా హెడ్మాస్టరు గారికి ఆవిడ మీద ఒక పాత జోకు ఉండేది. "మన చెవిటికల్లు కరుణమ్మ ఊరి పేరు నిలబెడుతోందయ్యా!" అనేవారు, ఆవిడ ఎదురుగానే. అందరం నవ్వేవాళ్లం. అందరిలోకీ గట్టిగా నవ్వింది బహుశా నేనే. మేం నవ్వడం చూసి, ఎందుకో తెలియకపోయినా ఆవిడ కూడా నవ్వేవారు.

ఆవిడకు ఒక మాట వినపడాలంటే ఎడమ పక్కకు, దగ్గరగా వెళ్లి చెప్పాలి. నేను వెళ్లేవాణ్ని కాదు. తీరిక లేక కాదు. ఆవిడకు అంత దగ్గరగా నిలబడడం నాకు ఇష్టం ఉండేది కాదు. ఎందుకో ఈ జిల్లావాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. బళ్లో ఆవిడ తాగే గ్లాసు వేరుగా కిటికీలో బోర్లించి ఉండేది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఏదో ఒకటి అనేవాణ్ని. "ఏమన్నారు మాస్టారూ?" అని అడిగేవారు. ఇంకోసారి అనేవాణ్ని, అంతే దూరం నుంచి, అంతే గొంతుతో. మళ్లీ అడిగితే "ఏం లేదులే కరుణమ్మా" అని చెయ్యి ఊపి వెళ్లిపోయేవాణ్ని. ఆవిడ నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద.

ఒకరోజు బడి వదిలాక ఆవిడే నా గదికి వచ్చారు. "మాస్టారూ, ఒక్క మాటండీ. నేను మళ్లీ అడిగినప్పుడు విసుక్కోండి, తిట్టండి, పర్లేదు. ఏం లేదులే అని మాత్రం అనబాకండి" అన్నారు.

"అంటే ఏమైందిప్పుడు?"

"ఏదో ఉంటేనే గదండీ నోరు తెరిచారు? అదేందో నాకు అక్కర్లేదని మీరే తేల్చేసినట్టుంటది. చెవుడు దేవుడిచ్చాడు, మోస్తన్నా. ఇది మీరిచ్చేది."

"సరేలే" అన్నాను. మర్నాడు ఆ మాటలు ఆవిడ గొంతుతో అనుకరించి చెప్పి హెడ్మాస్టరు గారిని నవ్వించాను.

ఆ ఏడాదే కోటేశు సంగతి జరిగింది. వాడి తండ్రి సున్నపు బట్టీకి రాయి తోలే బండి మనిషి. తల్లి లేదు, నాయనమ్మ పెంచింది. చురుకైనవాడు. ఒకరోజు బోర్డు మీద తీసివేత చేస్తూ నేను అప్పు తెచ్చుకున్న సంగతి మర్చిపోయి తప్పు రాశాను. "మాస్టారూ, అది తప్పండీ!" అని లేచి నిలబడ్డాడు కోటేశు, సంతోషంగా. వాడి ముఖంలో వెటకారం ఏమీ లేదు. తరగతి మొత్తం నవ్వింది. నేను బోర్డు దగ్గర్నుంచి వెళ్లి, అరచెయ్యి బార్లా తెరిచి వాడి ఎడమ చెవి మీద కొట్టాను. చెంప మీద కొట్టబోతే చెవి మీద పడిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. పిల్లల్ని అక్కడ కొడితే ఎక్కువ అదురుతారని మా మాస్టార్ల దగ్గర నేర్చుకున్నదే. వాడు ఏడవలేదు. చెవిని చేత్తో మూసుకుని, తల ఒక పక్కకు వంచి, దూరంగా ఎక్కడో ఏదో మోగుతుంటే వింటున్నవాడిలా నిలబడిపోయాడు.

నాలుగైదు రోజులకు, హాజరు పిలుస్తుంటే వాడు పలకలేదు. ఇంకోసారి పిలిచినా పలకలేదు. పొగరు చూపిస్తున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్లి చెయ్యెత్తాను. ఆ చెయ్యి దిగలేదు. వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. చూస్తే కరుణమ్మగారు. అప్పటిదాకా ఆవిడ వేలు కూడా నాకు తగలలేదు.

"వాడి గొంతు తగ్గింది మాస్టారూ" అన్నారు.

"అంటే?"

"పోయిన వారం దాకా కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నా వాడు చదివేది నాకు వినపడేది. రెండు మూడు రోజుల్నుంచీ వంగి చెవి పెట్టాల్సొస్తంది. వాడి గొంతు వాడికి లోపల మోగుతుందండీ. నాకు తెలుసు అదెట్టా ఉంటదో. మీరు పిలిస్తే మెడ కూడా ఇటు తిప్పుతున్నాడు, చూడండి." ఆవిడ వాడి ఎడమ పక్కన నిలబడి పెదవులు కదపకుండా "కోటేశూ" అన్నారు. వాడు నన్నే చూస్తూ ఉన్నాడు.

నందిగామలో చెవుల వైద్యం చదువుకొచ్చిన ఒక డాక్టరుగారు ఉన్నారని ఆవిడే కనుక్కున్నారు. ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. వేరే చోటు లేక ఆవిడ పక్కన, ఎడమ వైపున, కూర్చోవాల్సి వచ్చింది. ఇంజను మోతకు బస్సంతా దద్దరిల్లుతోంది. నేను ఏదడిగినా ఆవిడ ఒక్కసారికే జవాబు చెబుతుంటే, నాలోని పాత బుద్ధి మళ్లీ తల ఎత్తింది. "బస్సులో బాగానే వినపడుతోందే నీకు! బళ్లోనేనా చెవుడు?" అన్నాను. ఆవిడ నవ్వారు.

"ఇక్కడ మీరు అరిచి మాట్లాడతన్నారు గదండీ. బస్సు మోత మీకు అడ్డం, అందుకని అరుస్తన్నారు. ఆ మోత నాకు అంతగా వినపడదు, మీ అరుపు వినపడుద్ది. బస్సెక్కితే నేనూ మీలాగే ఉంటా."

ఆవిడకు కావలసినవేళ వినపడుతుందని, అక్కర్లేనివేళ నటిస్తుందని నేనే బళ్లో నలుగురికీ చెప్పి ఉన్నాను.

డాక్టరుగారు అద్దం పెట్టి కోటేశు చెవిలోకి చూశారు. తర్వాత రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి తీసి, మోకాలికి కొట్టి, మోగుతున్న కడ్డీని చెవి ముందు పెట్టారు. సరిగ్గా వినపడడం లేదన్నాడు వాడు. దాని కాడను చెవి వెనక ఎముక మీద ఆనించగానే వాడి కళ్లు పెద్దవయ్యాయి. "లోపల మోగుతుందండీ!" అన్నాడు. నరానికి ఏమీ కాలేదని, మధ్యలో కర్ణభేరికి చిల్లు పడిందని, శబ్దం లోపలికి చేరే దారి అక్కడ తెగిందని చెప్పారు డాక్టరుగారు. "చిన్న వయసు, చిన్న చిల్లు. దానంతటదే పూడుకుపోతుంది. కానీ చెవిలో తడి తగలకూడదు. నీళ్లు, నూనె, పసరు, ఏదీ వద్దు. ఏటికి ఈతకు పోకూడదు. నొప్పెడితే మాత్ర ఇవ్వండి. చెవిలో మాత్రం ఏమీ పొయ్యొద్దు." తర్వాత, "ఎలా తగిలింది బాబూ?" అని అడిగారు.

కోటేశు నా వైపు చూశాడు. "పడ్డానండీ" అన్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను. కరుణమ్మగారు నన్ను చూస్తున్నారు.

వచ్చేముందు డాక్టరుగారు ఆవిడ చెవుల్లోకి కూడా చూశారు. చెవి ముందు ఆ కడ్డీ ఎంత మోగినా ఆవిడ ముఖంలో కదలిక లేదు. ఎముక మీద ఆనించగానే ఉలిక్కిపడి, చిన్నపిల్లలా నవ్వేశారు. "ఇంతకాలం ఇది నాకు లోపల ఉందాండీ?" అన్నారు. పసితనంలోనే చీము ఆపి, చెవి పొడిగా ఉంచి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదని, ఇప్పుడు మద్రాసులో ఆపరేషన్లు మొదలుపెట్టారని, లేదంటే వినికిడి మిషను పెట్టుకోవచ్చని ఆయన చెప్పారు. "నాదట్టా ఉంచండి. వీడిది చూడండి ముందు" అని ఆవిడ కోటేశు తల మీద చెయ్యి వేశారు.

జగ్గయ్యపేటలో బస్సు దిగాక ఆవిడ నాతో అన్నారు. "వాళ్లింట్లో మీరే చెప్పండి మాస్టారూ. చెవికి చిల్లు పడిందని, ఎట్టా పడిందో కూడా. నేను చెప్తే పెద్దామె తలూపి నూనె కాస్తది. మీరు చెప్తే ఆగుద్ది."

వాళ్ల వాకిట్లో నాయనమ్మ ఎండుమిరప కాయలు ముందేసుకుని తొడిమలు తీస్తోంది. నన్ను చూసి గబగబా లేచి, కొంగు దులుపుకుని, మంచం వాల్చింది. "మావోడికి ఏమైంది బాబుగారూ? చెవి పట్టుకుని తిరుగుతన్నాడు, అడిగితే చెప్పడు" అంది. అవతల వాడి తండ్రి ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. రాళ్లు ఎత్తి ఎత్తి పెద్దవైన చేతులు అతనివి. చిల్లు అంటే, ఎట్టా పడింది అని అడుగుతాడు. నేను మంచం మీద కూర్చోలేదు.

"ఏం లేదులే పెద్దమ్మా. కాస్త చెవినొప్పి. డాక్టరు చూశాడు, తగ్గిపోతుంది. ఈతకు పంపించకు" అన్నాను.

"మా నాయనే! ఎంత మంచోరు బాబూ, ఆదివారం పూట మావోణ్ని తీసుకుపోయారు" అని ఆమె దణ్ణం పెట్టింది. మర్నాడు కరుణమ్మగారు నన్ను "చెప్పారా?" అని అడిగారు. "చెప్పా" అన్నాను.

తర్వాతి వారాల్లో వాడు ఒకటి రెండు రోజులు బడికి రాలేదు. వచ్చిననాడు వాచకం చదవడానికి ఎడమ పక్కన నిలబడగానే ఆవిడ వాడి తల దగ్గరికి లాక్కుని వాసన చూశారు. తన పసితనమంతా దిండు మీద పీల్చిన వాసన అది, ఆవిడకు డాక్టరు చెప్పక్కర్లేదు. ఆ చీము వాసనలో వెల్లుల్లి చేదు కూడా కలిసి ఉంది. ఆ మధ్యాహ్నమే పాఠం ఆపి వాణ్ని నందిగామ తీసుకుపోయారు. మర్నాడు గంట కొట్టాక నా గదికి వచ్చి నిలబడ్డారు.

"చిల్లు పెద్దదైందంట. ఇంక పూడదంట. చీము ఆపటమే ఇప్పుడు చెయ్యగలిగింది, వినికిడి సంగతి చెప్పలేనన్నారు." బల్ల దగ్గరికి వచ్చి, "చెప్పా అన్నారు గదండీ?" అన్నారు.

నా నోరు తెరుచుకుంది. అలవాటైన ఆ మాట ఒక్కటే నాలిక చివర ఉంది. ఆవిడ నా పెదవుల వంకే చూస్తున్నారు. అది అక్కడ పుట్టకముందే చదివేశారు.

"అనబాకండి" అన్నారు. "పదండి."

ఆ సాయంత్రం మిరపకాయల ఘాటు నిండిన ఆ వాకిట్లో నిలబడి, నేను కొట్టానని, కర్ణభేరికి చిల్లు పడిందని, నూనె పొయ్యొద్దని డాక్టరు చెప్పిన మాట నేను దాచానని చెప్పాను. నా పక్కన కరుణమ్మగారు నిలబడ్డారు. ఒక్క మాట కూడా సాయం చెయ్యలేదు. తండ్రి చేతులు పైకి లేస్తాయని ఎదురుచూశాను, ఒక రకంగా కోరుకున్నాను కూడా. అతను చేతిలో ఉన్న పలుపుతాడు కింద పడేసి, ఎద్దు మెడ మీద తల ఆనించుకున్నాడు. మాట్లాడింది నాయనమ్మే.

"నేనే పోశా బాబూ. ఈ చేత్తోనే. ఏడుస్తుంటే కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నోటితో ఊది, ఎచ్చగా పోశా." తన అరచేతిని తిప్పి చూసుకుంది. "సిల్లు పడిందని ఒక్క మాట అంటే పోద్దునా? చెప్పగూడదా బాబూ?"

ఆమె నన్ను తిట్టలేదు. నన్ను తిట్టి ఉంటే ఈ వయసులో నాకు కొంత తేలికగా ఉండేది.

కోటేశుకు చీము ఆగింది. ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది. ఆ తర్వాత కరుణమ్మగారు నన్ను వదిలిపెట్టలేదు. నాతో మాట్లాడడం మానేస్తారనుకున్నాను. మానెయ్యకపోగా, రోజూ బడి అయ్యాక కోటేశునూ నన్నూ కూర్చోబెట్టేవారు. వాడికి నేర్పింది వేరు, నాకు నేర్పింది వేరు. "వినపడకపోతే తలూపబాక నాయనా. వినపడలేదు, మళ్లీ చెప్పండి అను. సిగ్గు చెప్పనివాడికి, అడిగేవాడికి కాదు" అనేవారు వాడితో. నాతో, "బోర్డు మీద రాస్తా మాట్లాడబాకండి. మీ వీపు వాడికేం చెప్పుద్ది? రాసి, తిరిగి, చెప్పండి. వాడు మళ్లీ అడిగితే మొదటిసారి ఎట్టా చెప్పారో రెండోసారీ అట్టాగే చెప్పండి. గొంతు మార్చారా, వాడు మూడోసారి అడగడు" అనేవారు. నేను ఆవిడ ఎడమ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వినేవాణ్ని. ఒకనాడు దాహమై కిటికీలో బోర్లించిన గ్లాసు తీసుకుని కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. ఆవిడ చూసి, వాచకంలో పేజీ తిప్పారు. దాన్ని నేను గొప్పగా చెప్పుకోవడం లేదు. ఒక పసివాడి చెవి పోతే తప్ప నేను ఆ గ్లాసు దాకా నడవలేకపోయాను.

ఆ తర్వాత నేను ఏ పిల్లవాడి మీదా చెయ్యెత్తలేదు. హెడ్మాస్టరు గారి పాత జోకుకు నవ్వడం మానేశాను. అందరిలోకీ గట్టిగా నవ్వేవాడు మానేస్తే ఆ జోకు కొన్నాళ్లకు చచ్చిపోతుందని అప్పుడు తెలిసింది.

కరుణమ్మగారికి బదిలీ అయింది, నాకూ అయింది. ఆఖరిసారి ఆవిణ్ని చూసింది అరవైల చివర, నందిగామ బస్టాండులో. రెండు బస్సులు ఇంజన్లు ఆపకుండా మోగిస్తున్నాయి. ఆవిడ జాకెట్టులోంచి ఒక వైరు చెవిలోకి వెళ్లి ఉంది. "మిషను పెట్టించిందండీ మా అమ్మాయి. బాగానే వినపడుద్ది. కాకి అరుపు కూడా ఇంత గట్టిగా ఉంటదని తెలవదు నాకు" అని నవ్వారు. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, "కోటేశు ఎట్టా ఉన్నాడు?" అని అడిగారు. పత్తి మిల్లులో పనిచేస్తున్నాడని, ఆ మోతలో అందరికన్నా వాడే మాట తొందరగా అందుకుంటాడని, కిందటి నెలే వెళ్లి చూసి వచ్చానని చెప్పాను. "మానబాకండి వెళ్లటం" అన్నారు. అలవాటు కొద్దీ నేను ఆవిడ ఎడమ పక్కకు వచ్చి నిలబడి ఉన్నాను. అది గమనించి, "ఇప్పుడు ఎటున్నా పర్లేదండీ" అన్నారు. నేను కదలలేదు. ఆవిడ పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కోటేశుకు ముందే తెలుసు, వాడు వెళ్లి మట్టి వేసి వచ్చాడు.

వెళ్లడం మానలేదు. వాడి పెళ్లికి వెళ్లాను, వాడి నాయనమ్మ పోయినప్పుడు వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా వాడు మంచం వాల్చి, తను వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంటాడు, బాగున్న కుడి చెవి నా వైపు ఉండేలా. ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోం. వాడు నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. అడిగితే "ఏం లేదులెండి మాస్టారూ" అంటాడేమోనని నా భయం.

మొన్న ఉదయం సుజాత ఇంకా గరిటె పట్టుకుని నిలబడే ఉంది. లోపల మనవడు మూలుగుతున్నాడు. "మా అమ్మ మాకు ఇదే పోసేది మామయ్యగారూ. ఏమీ లేనిదానికి అంత కేక వేశారా?" అంది, కాస్త నొచ్చుకుని.

నేను లేచి, గరిటె ఆమె చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టాను.

"ఉందమ్మా" అన్నాను. "ముందు వాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం పద. దారిలో చెప్తాను. నేను చేసిందే, మొదటినుంచీ చెప్తాను."